ఇద్దరు, ఒక బండి, ఒక టెంట్: ములుగు వైపు మూడు రోజులు తిరిగి రావడం ఎలా

చలి మొదలవగానే వచ్చే ప్రశ్న ఒకటే: "హన్మకొండ నుంచి ములుగు, తాడ్వాయి మీదుగా బండి మీద ఇద్దరం వెళ్లి, ఎక్కడ పొద్దుగూకితే అక్కడ టెంట్ వేసుకోవచ్చా?" వెళ్లొచ్చు. కానీ "ఎక్కడ పొద్దుగూకితే అక్కడ" అన్నది మాత్రం కుదరదు. ఆ దారిలో సగం అడవే, అందులోనూ ఎక్కువ భాగం ఏటూరునాగారం అభయారణ్యం. పగలంతా ఇష్టమొచ్చినట్టు తిరగండి. రాత్రి ఎక్కడ పడుకుంటారో మాత్రం మధ్యాహ్నం మూడింటి నుంచే చూసుకోవాలి.

ఎప్పుడు వెళ్లాలి? నవంబరు మూడో వారం నుంచి ఫిబ్రవరి చివరి దాకా. మార్చి వచ్చిందంటే ఎండ ఒకటి, అడవిలో నిప్పు భయం మరొకటి. వానాకాలం అసలు వద్దు. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మి.మీ. వాన పడింది. అలాంటి రోజు వాగులు రోడ్డు మీదికి రావడానికి గంట కూడా పట్టదు. మాఘమాసంలో రెండేళ్లకోసారి వచ్చే మేడారం జాతర వారం ఈ దారిలో టెంట్ ఆలోచన పెట్టుకోకండి. జాతరకే వెళ్తే అది వేరే లెక్క.

కావలసినవి

బండి: 125 సీసీ చాలు. 100 సీసీ బండి కూడా వెళ్తుంది, కాకపోతే గంటకు 50 దాటించొద్దు. ఏ బండైనా దాని పుస్తకంలో మొత్తం బరువు పరిమితి, ఖాళీ బండి బరువు రెండూ ఉంటాయి. మొదటిదాంట్లోంచి రెండోది తీసేస్తే మీరు మోపగలిగిన బరువు తెలుస్తుంది. అది 160 కిలోలు, మీరిద్దరూ కలిసి 130 అనుకుందాం. సామానుకు మిగిలింది 30. హెల్మెట్లు, నీళ్లు అందులోంచే పోతాయి కాబట్టి సంచుల బరువు 20 కిలోల దగ్గర ఆపేయండి.

పడుకోవడానికి: ముగ్గురు పట్టే టెంట్ కొనండి. ఇద్దరి టెంట్ అని అమ్మేదాంట్లో ఇద్దరు పడుకుంటే సంచులు బయటే. పైకప్పు గుడ్డ విడిగా ఉండి, బరువు మూడున్నర కిలోల లోపు ఉంటే చాలు. కింద పరవడానికి తాడిపత్రి, రెండు ఫోమ్ మ్యాట్లు, రెండు దుప్పట్లు. ఇంట్లో గొంగడి ఉంటే అంతకన్నా మంచి పరుపు లేదు, కానీ బరువెక్కువ, తడిస్తే ఇంకా బరువు. పైన కప్పుకునేదాని కన్నా కింద పరిచేదే ముఖ్యం. చలి నేలలోంచి వస్తుంది.

వంటకు: చిన్న గ్యాస్ పొయ్యి, 220 గ్రాముల డబ్బా ఒకటి. పొద్దున, సాయంత్రం టీ, ఒక పూట ఉప్మా మాత్రమే వండితే ఇద్దరికి రెండు రోజులు వస్తుంది. మధ్యాహ్నం భోజనం దారిలో హోటల్లోనే తినండి.

బండి సామాను: క్లచ్ కేబుల్, ప్లగ్, ఫ్యూజులు, చైన్ తెగితే కలిపే లింకు లాక్, చిన్న గాలి పంపు. ట్యూబ్‌లెస్ టైరైతే పంక్చర్ కిట్. ట్యూబ్ టైరైతే కొత్త ట్యూబ్, టైరు విప్పే పట్టీలు రెండు. చేన్ల దారిలో తుమ్మముల్లు గుచ్చుకోకుండా ఉండదు.

కాగితాలు: ఇద్దరి ఆధార్ కార్డులు, ఆర్సీ, ఇన్సూరెన్స్, లైసెన్స్. ఏటూరునాగారం దాటితే ఛత్తీస్‌గఢ్ సరిహద్దు దగ్గరవుతుంది, పోలీసు తనిఖీలు మామూలే. ఎక్కడి నుంచి, ఎక్కడికి, ఎందుకు అని అడుగుతారు. తడుముకోకుండా చెబితే రెండు నిమిషాల్లో పంపేస్తారు. చిల్లర నోట్లు కొన్ని ఉంచుకోండి, సిగ్నల్ లేని చోట ఫోన్ పేమెంట్ నడవదు.

1. దారి గీయకండి, మేకులు కొట్టండి

రోజుకు ఒక్క చోటు ఖాయం చేసుకుంటే చాలు. మొదటి రోజు పాలంపేటలోని రామప్ప గుడి. హన్మకొండ నుంచి ములుగు 50 కిలోమీటర్లు, ఊరికి ముందు గట్టమ్మ గుడి దగ్గర అందరూ ఆగుతారు, మీరూ ఆగి నడుం చాపుకోండి. జంగాలపల్లి దగ్గర మళ్లితే పాలంపేట. 1213లో కాకతీయ సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి, 2021లో యునెస్కో జాబితాకెక్కింది. రెండు గంటలు పెట్టుకోండి. రెండో రోజు లక్నవరం చెరువు, తాడ్వాయి అడవి. మూడో రోజు ఏటూరునాగారం దగ్గర గోదావరి దాటి బొగత జలపాతం చూసి వెనక్కి. అంతా కలిపి సుమారు 330 కిలోమీటర్లు, పక్కదారులు పట్టారంటే 400. మూడో రోజు తిరుగు ప్రయాణమే 140 దాకా ఉంటుంది కాబట్టి రెండో రాత్రి తాడ్వాయి దాటిన ఊళ్లలో పడుకోవడం మేలు.

రెండు రోజులే ఉంటే బొగత వదిలేయండి. రామప్ప నుంచి గణపురం కోటగుళ్లు, అక్కడి నుంచి రేగొండ దగ్గర పాండవుల గుట్ట, పరకాల మీదుగా ఇల్లు. దూరం తక్కువ, బండ్ల రద్దీ తక్కువ. ఈ దారే బాగుంటుంది, చెప్పాలంటే. కాకపోతే ఫొటోల్లో జలపాతం ఉండదు.

పెట్రోలు ములుగులో నింపండి, ఏటూరునాగారంలో మళ్లీ నింపండి. బరువుతో మైలేజీ తగ్గుతుంది. మామూలుగా లీటరుకు 50 ఇచ్చే బండికి 40 లెక్కన చూసుకోండి. తాడ్వాయి అడవిలో సిగ్నల్ పోతుంది, మ్యాప్ ముందే దించుకోండి.

2. వారం ముందు బండి

టైర్ల గాలి: ఇద్దరు కూర్చుంటే ఎంత ఉండాలో చైన్ కవరు మీద గానీ వెనక ఫోర్కు మీద గానీ స్టిక్కర్ ఉంటుంది. ఒక్కరికి రాసిన లెక్కలో పెట్టుకుని వెళ్లడమే అందరూ చేసే తప్పు. వెనక టైరు గాలి తక్కువైతే మలుపులో బండి తోక ఊపుతుంది, అంచులు వేడెక్కుతాయి. పొద్దున టైరు చల్లగా ఉన్నప్పుడే కొలిపించండి.

షాకబ్జార్బర్లు: బండితో వచ్చే వంకర స్పానరుతో రెండు వైపులా ఒకే గాడికి, గట్టి వైపు ఒకటి రెండు గాళ్లు తిప్పండి. ఒక వైపు మూడు, ఇంకో వైపు రెండు పెడితే బండి ఒక పక్కకే లాగుతుంది.

చైన్: చాలా బండ్లకు 25 నుంచి 30 మి.మీ. వదులు. కొలిచాక ఇద్దరూ బండెక్కి కూర్చోండి, మూడో మనిషి మళ్లీ చైన్ కదిపి చూడాలి. బరువుకు వెనక చక్రం పైకి లేచేకొద్దీ చైన్ బిగుసుకుంటుంది. ఒంటరిగా ఉన్నప్పుడు సరిగ్గా బిగించిన చైన్ ఇద్దరెక్కితే తీగలా అయిందంటే బేరింగులు పోతాయి. అప్పుడూ కాస్త ఆడుతుంటే సరే.

హెడ్‌లైటు: సామాను కట్టి, ఇద్దరూ కూర్చుని గోడ మీద వెలుగు పడేలా చూడండి. వెనక దిగినందుకు వెలుగు పైకి లేస్తుంది, ఎదుటివాడి కళ్లలో పడుతుంది. ఒక స్క్రూ తిప్పితే సరిపోతుంది.

3. డాబా మీద రిహార్సల్

టెంట్ మొదటిసారి చేను గట్టు మీద చీకట్లో విప్పొద్దు. డాబా మీద వేయండి, మేకులు లేకపోతే ఇటుకలకు కట్టండి. రెండు బకెట్ల నీళ్లు పైన పోయండి. లోపల కుట్ల వెంట తడి కనిపిస్తే అక్కడ సీలర్ రాసి ఒక రోజు ఆరనివ్వండి. ఆ రాత్రి అందులోనే పడుకోండి. ఎవరికి ఏ పక్క కావాలి, టార్చి ఎక్కడ పెట్టాలి అన్న తగాదాలు డాబా మీదే అయిపోతాయి.

మర్నాడు మొత్తం సామాను కట్టుకుని ఇద్దరూ 25 కిలోమీటర్లు తిరిగి రండి. ఆగాక నాలుగు చూడండి: తాళ్లు ఎంత వదులయ్యాయి, సైలెన్సర్ వైపు సంచి అడుగు వేడిగా ఉందా, టైరుకో ఇండికేటరుకో ఏదైనా రాసుకుందా, 50 దగ్గర హ్యాండిల్ వణికిందా. హ్యాండిల్ వణికితే బరువు మరీ వెనక్కి, పైకి పెట్టారని అర్థం.

4. కట్టడం

బరువైనవి కిందికి, ముందుకి. నీళ్లు, పొయ్యి, పనిముట్లు పక్క సంచుల్లో. టెంట్, మ్యాట్లు వెనక క్యారియర్ మీద అడ్డంగా. వెనక కూర్చున్న మనిషి వీపుకు, సామానుకు మధ్య నాలుగు వేళ్ల సందు ఉండాలి, లేకపోతే బ్రేకు వేసినప్పుడల్లా సామాను వీపును నెడుతుంది. ఎడమ పక్క చీర గార్డు ఉంటే సంచికి అదే ఆసరా. పీకించిన వాళ్లు ఈ ప్రయాణానికి మళ్లీ బిగించుకోండి. కుడి పక్క సైలెన్సర్‌కు, సంచికి అరచేయి మందం ఖాళీ తప్పదు.

కొక్కేల రబ్బరు తాళ్లు పై పొరకే. అసలు బరువు బకిల్ ఉన్న పట్టీలతో కట్టండి. రబ్బరు గుంతల్లో సాగుతుంది, కొక్కెం జారి చైన్లో పడుతుంది. పట్టీల తోకలు కూడా ముడేయండి.

చున్నీ సంగతి: వెనక కూర్చునేవాళ్లు చున్నీ, చీర కొంగు వేలాడనివ్వొద్దు. జాకెట్ లోపల దోపి జిప్ వేయాలి. ఈ మూడు రోజులు చుడీదార్ ప్యాంటు, బూట్లు మేలు. హెల్మెట్ ఇద్దరికీ, గడ్డం పట్టీ కుట్టుతో సహా గట్టిది.

5. నడపడం

ముక్కాలు గంటకోసారి ఆగండి, నొప్పి రాకముందే. ముందున్నవాళ్లకు రోడ్డు పని ఉంటుంది, వెనకవాళ్లకు నడుం నొప్పే పని. భుజం మీద ఒక తట్టు అంటే నెమ్మది, రెండు అంటే ఆపు. గాలిలో అరుచుకోవడం కన్నా ఇది నయం.

నవంబరు, డిసెంబరుల్లో ఊళ్ల మధ్య రోడ్ల మీద వడ్లు ఆరబోస్తారు. సగం రోడ్డు వడ్లు, వాటి చుట్టూ అంచున రాళ్లు. పగలు కనిపిస్తాయి. చీకటి పడ్డాక వడ్ల మీద నల్ల తాడిపత్రి కప్పేస్తారు, రోడ్డుకు దానికి తేడా తెలీదు. బండి నేరుగా రాయిని గుద్దుకుంటుంది. చీకట్లో నడపొద్దు అనడానికి అడవి జంతువుల కన్నా ఇదే పెద్ద కారణం. వడ్ల మీద బ్రేకు వేస్తే ఇసుక మీద వేసినట్టే, ముందే తగ్గించి నిటారుగా దాటండి.

లో లెవెల్ వంతెన మీద నీళ్లు పారుతుంటే, పాదం మునిగేంత అయినా ఆగిపోండి. అడుగున నాచు ఉంటుంది, అంచు కనిపించదు. ఊరివాళ్ల ట్రాక్టరు దాటింది కదా అని మీరు దిగొద్దు.

6. మూడింటికి ఆగి అడగడం

డిసెంబరులో ఐదూ నలభైకి సూర్యుడు పడిపోతాడు. మూడింటికి వెతకడం మొదలుపెడితే నాలుగున్నరకు చోటు దొరుకుతుంది, వెలుతురు ఉండగానే టెంట్ నిలబడుతుంది. ఐదింటికి కూడా తేలకపోతే ఇంకో ఊరు చూద్దాం అనుకోవద్దు. నేరుగా ములుగు, ఏటూరునాగారం, భూపాలపల్లిలో ఏది దగ్గరైతే అక్కడ లాడ్జి చూసుకోండి. లక్నవరంలో టూరిజం కాటేజీలున్నాయి, ముందే బుక్ చేసుకోవాలి.

అడవిలో మాత్రం వేయొద్దు. 1972 వన్యప్రాణి చట్టం కింద అనుమతి లేకుండా అభయారణ్యంలో ఉండడం నేరం. కేసు సంగతి పక్కన పెట్టినా, అడవి పందుల కోసం కొందరు దొంగచాటుగా కరెంటు తీగలు పెడతారు. అడవి అంచు చేన్లలోనూ ఈ భయం ఉంది. చీకటి పడ్డాక తెలియని గట్ల మీద నడవొద్దు.

ఊరికి ఆనుకుని, మనుషులు కనిపించే దూరంలో అడగండి. అన్నిటికన్నా మంచిది ఖాళీ కల్లం: చదును, గట్టి నేల, గడ్డి లేదు. తర్వాత మామిడితోట. స్కూలు ఆవరణకు, పంచాయతీ ఆఫీసు ముందుకు సర్పంచ్‌నో పంచాయతీ సెక్రటరీనో అడగాలి. ఎవరిది అని కనుక్కుని, హెల్మెట్లు తీసి, ఇద్దరూ కలిసి వెళ్లి ఇలా అడగండి:

"అన్నా, హన్మకొండ నుంచి వచ్చినం, ఆలుమగలం. ఈ రాత్రి మీ కల్లంల టెంటు ఏసుకుంటం, పొద్దుగాల ఏడింటికి పోతం. ఏమన్న ఇబ్బందా? తీగలు గిట్ల ఏమన్న పెట్టిండ్రా చుట్టుపక్కల?"

ఎక్కడి నుంచి, ఎవరు, ఎంతసేపు. ఈ మూడూ అడగకముందే చెప్పేస్తే అనుమానం సగం పోతుంది. తీగల మాట మర్చిపోవద్దు. "గీడెందుకు, మా ఇంటి ముంగట ఏసుకోండ్రి" అంటే మొహమాటపడకుండా ఒప్పుకోండి, నీళ్లు, బాత్రూం రెండూ దొరుకుతాయి. చేతిలో డబ్బు పెట్టబోతే చాలామంది నొచ్చుకుంటారు. కోడిగుడ్లో టమాటలో వాళ్ల దగ్గరే కొనండి. ఎవరైనా తటపటాయిస్తే బతిమాలొద్దు, లేచి రావాలి. బెల్టు షాపు కనిపించే దూరంలో ఎంత మంచి చోటైనా వదిలేయండి. టెంట్ వేసిన ఊరి పేరు ఇంట్లోవాళ్లకు మెసేజ్ పెట్టండి.

7. టెంట్ వేయడం

ముందు పైకి చూడండి. పెద్ద చెట్లు, కరెంటు వైర్లు ఉండొద్దు. 2024 ఆగస్టు 31న గాలివానకు తాడ్వాయి, మేడారం అడవిలో వేల చెట్లు వేళ్లతో సహా పడిపోయాయి. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు సరే, టెంట్ వేస్తే ఎండిన కమ్మ వచ్చి మీద పడుతుంది.

తర్వాత కిందికి. వరి కోసిన మడి చదునుగా, మెత్తగా కనిపిస్తుంది, కానీ కొయ్యకాళ్లు టెంట్ అడుగును జల్లెడ చేస్తాయి. చెరువు కింది మడైతే రాత్రికి చెమ్మ ఊరుతుంది. చెప్పులు విప్పి వట్టి కాళ్లతో ఆ నాలుగడుగుల చోటు మొత్తం తొక్కండి. పాదానికి తగిలిన ప్రతి రాయీ నడుముకు తగిలేదే.

తాడిపత్రి టెంట్ కన్నా అన్ని వైపులా మూడు వేళ్లు చిన్నగా మడిచి పరవండి. బయటికి వచ్చిన అంచు మంచునీళ్లు పట్టి టెంట్ కిందికే పంపుతుంది. చలిగాలి ఎక్కువగా ఈశాన్యం నుంచి కాబట్టి తలుపు పడమటికి. మేకు తల టెంట్‌కు ఎడంగా వాలేలా ఏటవాలుగా కొట్టండి. ఎండిన ఎర్ర చెలకలో మేకు వంగిపోతుంటే అర లీటరు నీళ్లు పోసి పది నిమిషాలు ఆగండి. గుట్ట రాతి మీదైతే మేకు మాట మరిచిపోయి, తాడు చిన్న రాయికి చుట్టి దాని మీద పెద్ద రాయి ఎక్కించండి.

సరిగ్గా నిలబడిందా? పైకప్పు మీద అరచేత్తో తడితే మద్దెల చర్మంలా బిగువుగా ఉండాలి, లోపలి గుడ్డకు తగలకూడదు. పొద్దున లోపల తడిగా ఉంటే కారిందని కంగారుపడకండి. కుట్లు పొడిగా ఉండి, గుడ్డ అంతా సన్నగా చెమర్చి ఉంటే అది మీ ఊపిరే. మర్నాటి రాత్రి పై కిటికీ వేలెడు తెరిచి ఉంచండి.

8. నీళ్లు, తిండి, బాత్రూం

మనిషికి రోజుకు తాగడానికి మూడు లీటర్లు, వంటకూ చేతులకూ ఇద్దరికి నాలుగు. క్యాన్లు సాయంత్రం ఆగిన ఊళ్లోనే నింపండి, పొద్దుటి నుంచి మోయకండి.

ఉప్మాకు ఇంట్లోనే తాలింపు వేసి, రవ్వ దోరగా వేయించి, ఉప్పు కలిపి, పూర్తిగా చల్లారాక డబ్బాకెత్తండి. వేడి మీద మూత పెడితే రెండో రోజుకు ముక్క వాసన. అక్కడ గ్లాసు రవ్వకు రెండున్నర గ్లాసుల మరిగే నీళ్లు, ఐదు నిమిషాలు. అటుకులు, పల్లీపట్టీలు పై జేబులో. పొయ్యి టెంట్ లోపల ఎంత చలైనా వెలిగించొద్దు: గుడ్డ అంటుకోవడం ఒకటి, విషవాయువు చేరడం రెండోది, దానికి వాసన కూడా ఉండదు. కట్టెల మంట కల్లంలో అసలు వద్దు, పక్కనే గడ్డివాము ఉంటుంది.

ఆడవాళ్లు ముందుగా అడిగేది బాత్రూం గురించే. దారిలో బస్టాండ్లు, పెట్రోలు బంకులు వాడుకోండి, అవసరం లేకపోయినా ఆగినప్పుడల్లా. రాత్రికి ఊళ్లో ఇంటివాళ్లను అడిగితే ఆడవాళ్లు కాదనరు. బయటే తప్పకపోతే చిన్న తాపీ, జానెడు లోతు గుంత, నీళ్లకు అరవై అడుగులు వేసినంత దూరం, మట్టి కప్పేయడం. ప్యాడ్లు పాతొద్దు, కుక్కలు తవ్వుతాయి. రెండు కవర్లలో కట్టి వెనక్కి తెచ్చుకోండి.

రామప్ప దగ్గర కోతులు జిప్ తీయడం నేర్చాయి. తిండి సంచి బండి మీద వదిలి గుళ్లోకి వెళ్లొద్దు.

9. రాత్రి

జిప్ ఎప్పుడూ మూసే ఉండాలి, "ఒక్క నిమిషం" అయినా. కట్లపాము నేల మీద పడుకున్నవాళ్లనే రాత్రి కరుస్తుంది, నొప్పి కూడా పెద్దగా తెలీదు. బూట్లు లోపలే పెట్టుకోండి, పొద్దున దులిపి వేసుకోండి. లేవాల్సి వస్తే టార్చి వేసి, అడుగులు చప్పుడయ్యేలా నడవండి. పాము కరిస్తే కోయడం, కట్టు బిగించడం, మంత్రం వద్దు. ఆ చేయి, కాలు కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేయండి. ములుగు ఆసుపత్రి గానీ వరంగల్ ఎంజీఎం గానీ, ఏది త్వరగా చేరితే అది.

తిండి టెంట్‌లో ఉంచొద్దు. ఊరి దగ్గర కుక్కలు, అడవి దగ్గర గుడ్డెలుగు. ఇప్పపూలు రాలే మార్చి, ఏప్రిల్‌లో ఎలుగులు తెల్లవారుజామున బాగా తిరుగుతాయి. ఆ నెలల్లో వద్దనడానికి ఇదొక కారణం. దోమల చక్రం బయట, క్రీము ఒంటికి.

10. పొద్దున, ఇంటికొచ్చాక

ఎండ తగిలేలా పైకప్పు విప్పి గట్టు మీదో బండి మీదో ఆరేయండి. టీ తాగేలోపు ఆరుతుంది. ఆరకుండానే చుట్టాల్సి వస్తే విడి కవర్లో పెట్టి మధ్యాహ్నం భోజనం దగ్గర పరవండి. మేకులు లెక్కపెట్టుకోండి. కల్లంలో మిగిలిన మేకు ఆ తర్వాత ఎవరి కాల్లోనో, ఎవరి ఎడ్ల గిట్టలోనో దిగుతుంది. బయలుదేరే ముందు పట్టీలు, టైర్లు, చైన్ ఒకసారి. చైన్‌కు 500 కిలోమీటర్లకోసారి నూనె అంటారు, చేన్ల దుమ్ములో తిరిగారు కాబట్టి 300కే వేయండి.

ఇంటికొచ్చిన రోజే టెంట్ డాబా మీద పూర్తిగా ఆరబెట్టండి. చెమ్మతో చుట్టి అటక మీద పడేస్తే నెలకే నల్ల బూజు పట్టి, పైకప్పు లోపలి పూత పొరలు పొరలుగా ఊడిపోతుంది. అది మళ్లీ అతకదు, టెంట్ కొత్తది కొనాల్సిందే. షాకబ్జార్బర్ గాళ్లు, టైర్ల గాలి, హెడ్‌లైటు స్క్రూ మళ్లీ మామూలు లెక్కకు తిప్పుకోండి. మర్చిపోతే సోమవారం ఆఫీసుకు ఒక్కరే వెళ్తున్నప్పుడు ప్రతి గుంతా వెన్నులో తెలుస్తుంది.